వరంగల్ స్టేషన్ ముస్తాబైంది సరే, ఎక్కడం దిగడం సంగతేంటి?

ఓరుగల్లు బాటసారి
2025 మే 22న వరంగల్ స్టేషన్ కొత్త రూపంలో ప్రారంభమైంది. అదే రోజు దేశం మొత్తం మీద అమృత్ భారత్ పథకం కింద బాగుచేసిన 103 స్టేషన్లు తెరిచారు. మన రాష్ట్రంలో వరంగల్‌తో పాటు కరీంనగర్, బేగంపేట కూడా ఉన్నాయి. ఫోటోలు అందరూ చూసే ఉంటారు. వాటి కింద కామెంట్లన్నీ "ఎయిర్‌పోర్టులా ఉంది" అనే. నాకు ఆ మాట దగ్గరే అనుమానం. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. రెండు బ్యాగులు, ఒక చంటిపిల్ల, ఆమెతో కలిసి ఆటో దిగిన చోటి నుంచి బోగీ తలుపు దాకా ఎంత తేలికగా పోగలమో చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు. ఈ థ్రెడ్ అందుకే పెట్టాను. వరంగల్, కాజీపేట, పెద్దపల్లి, మంచిర్యాల, కరీంనగర్, మనం ఎక్కువగా దిగే సికింద్రాబాద్, చర్లపల్లి, హైదరాబాద్ మెట్రో, దేని గురించైనా రాయండి. రైళ్ల ఆలస్యం గోల మాత్రం పక్క థ్రెడ్‌లో చూసుకుందాం.

నిర్వాహకుడు
మంచి టాపిక్. మొదట్లోనే ఒక మాట. మీకు ఎదురైన ఇబ్బందులు రాయండి, కానీ ఫలానా స్టేషన్, ఫలానా ఉద్యోగి అని పేర్లు పెట్టొద్దు. పోయినసారి అలా పెట్టి థ్రెడ్ మూసేయాల్సి వచ్చింది.

తోరణం
అన్నా, అందాన్ని అంత తేలిగ్గా తీసేయకండి. బయటి ఊరివాళ్లు రైలు దిగగానే ఇది కాకతీయుల గడ్డ అని తెలియాలా వద్దా? ఇన్నేళ్లూ మన స్టేషన్‌కు, ఇంకో ఊరి స్టేషన్‌కు తేడా ఏముంది, బోర్డు మీద పేరు తప్ప. ఇప్పుడు ముందు నిలబడి ఫోటో దిగుతున్నారు. అది కూడా ఊరికి లాభమే.

మూడు చక్రాలు
తోరణం గారూ, ఫోటో నేనూ దిగుతాను, అభ్యంతరం లేదు. నేను చక్రాల కుర్చీలో తిరిగే మనిషిని. స్టేషన్ ముఖద్వారం దాకా రావడం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు, ఎవరో ఒకరు చేయి వేస్తారు. నా పరీక్ష ఒకటో ప్లాట్‌ఫారం దాటాకే మొదలవుతుంది. బండి రెండో ప్లాట్‌ఫారం మీదికో మూడో దాని మీదికో వస్తుందంటే వంతెన. వంతెనకు లిఫ్టు ఉందంటారు. ఉంటుంది. మన లైన్‌లోనే ఒక స్టేషన్‌లో లిఫ్టు తలుపుకు తాళం, తాళం చెవి ఉన్నాయన భోజనానికి వెళ్లాడు. బండి వచ్చింది, పోయింది. "లిఫ్టు ఉందా" అని లెక్క రాసేవాళ్లు "రాత్రి పదకొండింటికి కూడా నడుస్తుందా" అని ఇంకో గడి పెడితే బాగుంటుంది.

లోకోషెడ్ తాత
అందరికీ నమస్కారం. రైల్వేలో చేసి రిటైరయ్యాను, కాజీపేటలోనే ఉంటాను. అసలు చిక్కు ఎక్కడుందో కొలతల్లో చెబుతాను, ఓపిక ఉంటే చదవండి.

మన దగ్గర ప్లాట్‌ఫారాలు మూడు రకాలు. పట్టాల మట్టంలోనే ఉండేవి ఒకటి. 455 మిల్లీమీటర్ల దాకా ఉండే మధ్యరకం ఒకటి. 760 నుంచి 840 మిల్లీమీటర్ల ఎత్తుండే హై లెవెల్ ఇంకొకటి. పెద్ద స్టేషన్లలో ఇప్పుడు మూడోదే. కానీ బోగీ లోపలి నేల పట్టాల మీది నుంచి దాదాపు 1.3 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే హై లెవెల్ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డా ఇంకా అర మీటరు పైకి ఎక్కాలి. అది కూడా నిటారు మెట్ల మీద, గొట్టం పట్టుకుని. చిన్న స్టేషన్లలో ప్లాట్‌ఫారం కిందికి ఉంటే ముసలివాళ్లను లోపలివాళ్లు లాగాలి, బయటివాళ్లు తోయాలి. మెట్రోలో ఈ బాధే లేదు. ప్లాట్‌ఫారం, బోగీ ఒకే మట్టం.

మరి మనవి కూడా పెంచొచ్చు కదా అంటారు. అవే పట్టాల మీద వెడల్పాటి సరుకు బళ్లు కూడా పోవాలి, ప్లాట్‌ఫారం అంచు వాటికి తగలకూడదు. ముంబై లోకల్ స్టేషన్లలో జనం సందులో పడిపోతున్నారని 900 మిల్లీమీటర్లు దాటించారు. అక్కడా పూర్తి సమానం కాదు. కాబట్టి ఎన్ని కోట్లు పెట్టి ముఖద్వారం కట్టినా ఆ చివరి అర మీటరు అలాగే ఉంటుంది.

ఇక వంతెన. కరెంటు లైన్ వచ్చాక తీగ పట్టాలకు అయిదున్నర మీటర్ల పైన వేలాడుతుంది. వంతెన దానికి పైగా పోవాలి. అంటే ఆరున్నర మీటర్లు అనుకోండి. మెట్టు 15 సెంటీమీటర్లయితే నలభైకి పైనే మెట్లు ఎక్కి, మళ్లీ అన్నీ దిగాలి. అదే భూమి కింద సబ్‌వే అయితే మూడు, మూడున్నర మీటర్లు దిగితే సరిపోతుంది, దాదాపు సగం శ్రమ. వాననీళ్ల భయం ఒక్కటే. మోటారు సరిగ్గా పెడితే అది కూడా పెద్ద భయం కాదు.

నిట్ హాస్టల్
తాతా, ఇది పిన్ చేయాల్సిన పోస్టు 🙏

మూడు చక్రాలు
తాత గారూ, ర్యాంపు లెక్క కూడా చెప్పండి. చాలామంది "లిఫ్టు ఎందుకు, ర్యాంపు చాలు" అంటారు.

లోకోషెడ్ తాత
చక్రాల కుర్చీకి పనికొచ్చే వాలు ఒకటికి పన్నెండు. ఒక మీటరు ఎక్కడానికి పన్నెండు మీటర్ల పొడవు కావాలి. ఆరున్నర మీటర్ల వంతెనకు 78 మీటర్లు, మధ్యలో ఆగడానికి చదునైన చోట్లు కలిపితే ఇంకా ఎక్కువ. అటుపక్క దిగడానికి మళ్లీ అంతే. ట్రాలీ తోసే కూలీకి, సూట్‌కేసు లాగేవాళ్లకు ర్యాంపు మేలు. కుర్చీలో ఒంటరిగా చేతులతో తిప్పుకుంటూ ఎక్కేవాళ్లకు అది శిక్ష.

తోరణం
సరే ఒప్పుకుంటాను. కానీ ఎస్కలేటర్లు కూడా పెడుతున్నారు కదా?

చంటిదాని అమ్మ
ఎస్కలేటర్ మీద ఒక చేతిలో పిల్ల, ఇంకో చేతిలో బ్యాగు పెట్టుకుని ఎక్కి చూడండి తమ్ముడూ. మా అత్తగారైతే దాని దగ్గరికే రారు, చీర కుచ్చిళ్లు ఇరుక్కుంటాయని భయం. పైగా చాలాచోట్ల అది ఎక్కడానికే ఉంటుంది, దిగడానికి మామూలు మెట్లే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను అడగండి, ఎక్కడం కన్నా దిగడమే నరకం అంటారు. లిఫ్టు ఒక్కటి సరిగ్గా నడిస్తే నాకు ఎస్కలేటర్ అక్కర్లేదు.

శివనగర్ అమ్మాయి
వరంగల్ గురించి మాట్లాడుతూ మా వైపు సంగతి ఎవరూ ఎత్తరేంటి? పట్టాలకు ఒకవైపు స్టేషన్ ముఖద్వారం, రోడ్డు దాటితే బస్టాండు, చౌరస్తా, మార్కెట్. ఇంకోవైపు మేము, శివనగర్, ఖిలా వరంగల్. అటువైపు వెళ్లాలంటే అండర్ బ్రిడ్జి కింద నుంచి తిరగాలి. వాన పడితే చెప్పక్కర్లేదు. కళ్లెదురుగా రైలు కనిపిస్తుంటుంది, మనం మాత్రం ఆటోలో చుట్టూ తిరిగి పోవాలి. అందుకే జనం పట్టాలు దాటేస్తారు. తప్పే, ప్రాణాల మీదికి వస్తుంది, కానీ ఎందుకు దాటుతున్నారో కూడా చూడాలి కదా.

లోకోషెడ్ తాత
అమ్మా, పట్టాలు దాటితే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ, లేదంటే రెండూ వేయొచ్చు. దయచేసి దాటకండి. కానీ నువ్వన్నది నిజం. సికింద్రాబాద్ నుంచి వరంగల్‌కు లైన్ 1886లో వచ్చింది, 1889కల్లా బెజవాడ దాకా పోయింది. నిజాం కాలంలో స్టేషన్ కట్టినప్పుడు ఊరు ఒకవైపే పెరుగుతుందని అనుకుని ఉంటారు. ఊరు రెండువైపులా పెరిగింది. ఏ స్టేషన్‌కైనా రెండు ముఖాలు ఉండాలి. సికింద్రాబాద్‌కు ఒకటో నంబరు ప్లాట్‌ఫారం వైపు ఒక దారి, పదో నంబరు దగ్గర బోయిగూడ వైపు ఇంకో దారి ఉంది కాబట్టే అంత జనాన్ని మోయగలుగుతోంది.

బొగ్గుబావి
పైన ఎవరో సికింద్రాబాద్ దగ్గర ఎటు దిగాలని అడిగినట్టున్నారు? లేక నేనే కలగన్నానో. ఏదైతేనేం, చెప్తున్నా. మెట్రో, రేతిఫైల్ బస్సులు కావాలంటే ఒకటో నంబరు వైపు. ముషీరాబాద్ వైపు ఆటో కావాలంటే బోయిగూడ వైపు. ఇప్పుడు అక్కడ కూల్చడాలు, కట్టడాలు నడుస్తున్నాయి కాబట్టి దారులు మారుతుంటాయి, వెళ్లేముందు ఎవరినైనా కనుక్కోండి.

నిట్ హాస్టల్
హాస్టల్ పిల్లల తరఫున కాజీపేట గురించి రాస్తాను. బయటి రాష్ట్రాల నుంచి వచ్చే జూనియర్లకు మొదటి టెన్షన్ ఏంటంటే టికెట్ వరంగల్‌కు తీయాలా కాజీపేటకు తీయాలా అని. కాలేజీ పేరులో వరంగల్ ఉంది కాబట్టి వరంగల్‌కు తీస్తారు. క్యాంపస్‌కు దగ్గరిది కాజీపేట. రెండింటి మధ్య దూరం దాదాపు పది కిలోమీటర్లు, మధ్యలో హన్మకొండ. హన్మకొండకు మాత్రం స్టేషన్ లేదు!

ఇంకో తిరకాసు. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ వైపు వెళ్లే బళ్లు కాజీపేటలో ఉత్తరానికి తిరుగుతాయి, వరంగల్ ముఖం చూడవు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అలాంటిదే. విజయవాడ నుంచి ఢిల్లీ పోయే బళ్లు వరంగల్ మీదుగా వస్తాయి, వాటిలో కొన్ని కాజీపేటలో ఆగవు. వందే భారత్‌లు కూడా అంతే. విశాఖ బండి వరంగల్‌లో ఆగుతుంది, నాగపూర్ బండి కాజీపేటలో. ఊరు ఒక్కటే, స్టేషన్లు రెండు, బోర్డుల మీద మాత్రం "ఈ బండి కోసం పక్క స్టేషన్‌కు వెళ్లండి" అని ఎక్కడా రాసి ఉండదు.

లోకోషెడ్ తాత
కాజీపేట నుంచి బల్లార్షా లైన్ పూర్తయింది 1929లో. అప్పటి నుంచే మాది జంక్షన్. అంతకుముందు ఇదొక మామూలు ఆగే చోటు.

ఓరుగల్లు బాటసారి
నాకు ఇదే కావాలి. ఇద్దరి మాటలు కలిపితే, ఊరికి పెద్దవాళ్లను తీసుకెళ్లేటప్పుడు స్టేషన్ దగ్గరా దూరమా అని చూడటం కన్నా బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చూసుకోవడం ముఖ్యం అన్నమాట. ఆటోకు యాభై ఎక్కువైనా వంతెన ఎక్కనక్కర్లేని స్టేషన్ మేలు.

తెల్లకర్ర
ప్లాట్‌ఫారం నంబరు ముందే తెలిస్తే కదా అన్నా. నాకు చూపు లేదు. చెవులతోనే రైలు పట్టుకుంటాను. అనౌన్స్‌మెంట్ తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడు భాషల్లో వస్తుంది. పెద్ద స్టేషన్లలో స్పష్టంగానే వస్తుంది. సమస్య ఎక్కడంటే బండి వచ్చే అయిదు నిమిషాల ముందు "రెండో నంబరుకు బదులు మూడో నంబరు" అన్నప్పుడు. చూపున్నవాళ్లు పరిగెత్తుతారు. ఆ పరుగులో నా కర్ర ఎటు పోతుందో నాకే తెలియదు.

2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ స్టేషన్‌లో తొక్కిసలాట జరిగి 18 మంది చనిపోయారు. కుంభమేళా జనం, ప్రయాగ్‌రాజ్ పేరుతో ఒకటి కన్నా ఎక్కువ బళ్లు, అనౌన్స్‌మెంట్ విని ఏ బండి ఎక్కడో తెలియక ఒకరి మీద ఒకరు పడ్డారు. చూపున్నవాళ్లకే అలా అయితే ఇక నా సంగతి చెప్పేదేముంది.

ప్లాట్‌ఫారం నేల మీది పసుపు పలకల గురించి కూడా రాస్తాను, చాలామందికి తెలియదు. పొడుగు గీతలున్న పలకలు "ఇటు నడువు" అని చెబుతాయి. గుండ్రటి బొడిపెలున్నవి "ఆగు, ముందు అంచు గానీ మెట్లు గానీ ఉన్నాయి" అని. కాలికి తెలుస్తుంది. వాటి మీద సామాన్లు పెట్టి కూర్చోవద్దు, అంతే నేను కోరేది. మెట్రోలో అవి టికెట్ గేటు నుంచి ప్లాట్‌ఫారం దాకా తెగకుండా ఉంటాయి, లిఫ్టు బటన్ల మీద బ్రెయిలీ ఉంటుంది. రైల్వే స్టేషన్లలో ఒకటో ప్లాట్‌ఫారం మీద బాగా వేస్తారు, వంతెన దగ్గరికి వచ్చేసరికి మాయం. నేను వెళ్లిన ఒకచోట గీతల పలకలు నేరుగా టీ స్టాల్‌లోకి వెళ్లాయి. టీ బాగుంది, అది వేరే విషయం.

మూడు చక్రాలు
టీ స్టాల్ 😂 అన్నా నాకు అడ్రస్ కావాలి.

నిర్వాహకుడు
అడ్రస్ పర్సనల్ మెసేజ్‌లో.

లోకోషెడ్ తాత
తెల్లకర్ర గారు అన్నదానికి కొంచెం చేర్పు. ఢిల్లీ ఘటన తర్వాత 73 స్టేషన్లలో బయటే జనాన్ని ఆపి, బండి వచ్చాకే లోపలికి వదిలే చోట్లు కడతామని రైల్వే చెప్పింది. వంతెనలు కూడా ఇక 12 మీటర్లు, 6 మీటర్ల వెడల్పుతోనే కడతామన్నారు. వెడల్పు సంగతి 2017లోనే బుద్ధి తెచ్చుకోవాల్సింది. ఆ ఏడాది సెప్టెంబర్ 29న ముంబై ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషన్ వంతెన మెట్ల మీద వాన నుంచి తలదాచుకున్న జనంలో తొక్కిసలాట జరిగి ఇరవై మందికి పైగా పోయారు. మనకు రెండేళ్లకోసారి మేడారం జాతర ఉంది. జాతర రోజుల్లో వరంగల్, కాజీపేట స్టేషన్లు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. బంగారం (అమ్మవార్లకిచ్చే బెల్లం) మూటలు, కోళ్లు, పిల్లలు, అందరూ ఒకే వంతెన మీద.

తోరణం
జాతరకు వచ్చేవాళ్లలో సగం మంది బోర్డులు చదవరు సార్. వాళ్లకు బొమ్మలు కావాలి. బస్సు బొమ్మ, మరుగుదొడ్డి బొమ్మ, బాణం. ఇది నేను అందం కోసం అనట్లేదు, చూడండి మారిపోయాను.

చంటిదాని అమ్మ
మరుగుదొడ్డి అన్నారు కాబట్టి నేనూ చెప్తాను. ఆడవాళ్లు స్టేషన్‌కు వెళ్లేముందు నీళ్లు తాగడం మానేస్తారు, ఇది మీ మగవాళ్లకు తెలుసా? బాత్రూం ఎక్కడో చివర ఉంటుంది, దారి చీకటి. లోపల తలుపుకు గడియ ఉండదు, సంచి తగిలించుకునే కొక్కెం ఉండదు. సామాను ఎవరికి అప్పజెప్పి వెళ్లాలి? పాలిచ్చే గది కొన్ని స్టేషన్లలో పెట్టారు, మంచిదే. నేను చూసిన ఒక దాన్ని చీపుర్లు పెట్టుకునే గదిలా వాడుతున్నారు. కొత్తగా కట్టేవాళ్లు ముందు ఆడవాళ్ల వెయిటింగ్ హాల్‌లోనే బాత్రూం, పాలిచ్చే గది కలిపి పెడితే సగం బాధ తీరుతుంది.

ఉప్పల్ దాకా
మీరంతా రైలంటున్నారు, నేను మాత్రం హైటెక్ సిటీకి బస్సులోనే పోతా 😀 హన్మకొండలో ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఉప్పల్‌లో దిగడం, రోడ్డు పక్కనే మెట్రో. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా వెళ్లే బ్లూ లైన్, మధ్యలో మారనక్కర్లేదు. అదే రైలులో సికింద్రాబాద్ దిగితే వంతెన, జనం, బయట ఆటోవాళ్లు, ఆ తర్వాత రోడ్డు మీదుగా సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో. అది కూడా బ్లూ లైనే, దగ్గరే, కానీ సామానుతో ఆ రోడ్డు దాటడం అంత సుఖం కాదు. మా ఆవిడకైతే 2023 డిసెంబర్ నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సు ఉచితం, ఇక రైలు మాట ఎత్తితే ఒట్టు.

నిట్ హాస్టల్
కానీ అన్నా, మూడున్నర నాలుగు గంటలు బస్సులో కూర్చోవడం, మధ్యలో బాత్రూం లేకపోవడం? పెద్దవాళ్లకు రైలే నయం. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, మంచి బండి దొరికితే రెండు గంటలు.

ఉప్పల్ దాకా
ఒప్పుకుంటా. రైలు లోపల రైలే గొప్ప. నేను చెప్పేది రైలు బయట సంగతి.

జేబీఎస్ కరీంనగర్
మా కరీంనగర్ వాళ్లది ఇంకో కథ. కొత్త స్టేషన్ బాగుంది, కానీ ఊరికి దూరం, తీగలగుట్టపల్లి దగ్గర. హైదరాబాద్‌కు రైల్లో పోవాలంటే పెద్దపల్లికి పోయి కాజీపేట మీదుగా తిరగాలి, లేదా నిజామాబాద్ మీదుగా. ముక్కు ఎక్కడుందంటే తల చుట్టూ చేయి తిప్పి చూపించినట్టు. కాబట్టి అందరం బస్సులో సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండుకే. అక్కడ 2020 ఫిబ్రవరి నుంచి మెట్రో గ్రీన్ లైన్ ఉంది, ఎంజీబీఎస్ బస్టాండు దాకా. హైటెక్ సిటీ వెళ్లాలంటే అక్కడే పరేడ్ గ్రౌండ్ దగ్గర బ్లూ లైన్‌కు మారొచ్చు. కాస్త నడక ఉంటుంది, కానీ పై నుంచే, రోడ్డు దాటనక్కర్లేదు. పెద్దవాళ్లను తీసుకెళ్తే రద్దీ లేని వేళ చూసుకోండి. పొద్దున ఆఫీసు టైంలో మూడు బోగీల మెట్రోలో నిలబడటానికే చోటుండదు.

బొగ్గుబావి
మంచిర్యాల నుంచి. మాకు రైలంటే ఆస్పత్రి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి మా వైపు నుంచి రోజూ జనం పోతారు. పేషెంట్‌తో ఎక్కడ దిగాలో తెలియక తిప్పలు పడతారు. సికింద్రాబాద్ వైపు పోయే బండి అయితే కాజీపేటలోనే దిగాలి, అక్కడి నుంచి ఎంజీఎం హన్మకొండ దాటి అవతల, దూరం. విజయవాడ వైపు పోయేది అయితే వరంగల్ దాకా వస్తుంది, ఆస్పత్రి అక్కడికి చాలా దగ్గర. కాబట్టి బండి ఎటు పోతుందో చూసి ఎక్కండి. నడవలేని మనిషి ఉంటే ముందు రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి, లేదా దిగే స్టేషన్‌లో స్టేషన్ మేనేజర్ ఆఫీసులో చక్రాల కుర్చీ అడగండి. అది ఉంటుందని చాలామందికి తెలియదు, అడిగేవాళ్లు లేక మూలన పడి ఉంటుంది.

మూడు చక్రాలు
కుర్చీ దొరుకుతుంది, తోసే మనిషి దొరకడు. కూలీని మాట్లాడుకోవాలి, రేటు ముందే అడగాలి. ఇంకో విషయం. దివ్యాంగుల బోగీ చాలా బళ్లలో చివర గార్డు పెట్టె పక్కన ఉంటుంది. ఒక్కో కొత్తరకం (ఎల్‌హెచ్‌బీ) బోగీ దాదాపు 24 మీటర్లు, 22 బోగీల బండి అంటే అర కిలోమీటరు దాటుతుంది. బోగీ ఇటు చివర వస్తుందో అటు చివర వస్తుందో చెప్పే బోర్డు పని చేయకపోతే, రెండు నిమిషాల ఆగే టైంలో అర కిలోమీటరు ఎవరు తోస్తారు? లిఫ్టు కన్నా ముందు నేను ఆ కోచ్ పొజిషన్ బోర్డు అడుగుతాను. ఖర్చు తక్కువ, ఉపయోగం అందరికీ.

తెల్లకర్ర
ఆ బోర్డు చూడలేనివాళ్ల కోసం అనౌన్స్‌మెంట్‌లో కూడా "ఇంజిన్ నుంచి వరుసగా" అని చెబితే చాలు. కొన్ని చోట్ల చెబుతారు, వింటే ప్రాణం లేచి వస్తుంది.

ఓరుగల్లు బాటసారి
పెద్దవాళ్ల టికెట్ గురించి కూడా ఒక మాట. 2020 మార్చిలో సీనియర్ సిటిజన్ రాయితీ ఆపేశారు, ఇప్పటిదాకా తిరిగి రాలేదు. కానీ కింది బెర్తు కోటా ఉంది. మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 ఏళ్లు దాటితే వర్తిస్తుంది. బుక్ చేసేటప్పుడు వయసు సరిగ్గా వేయండి. అందరినీ ఒకే టికెట్ మీద వేస్తే ఆ కోటా దొరక్కపోవచ్చు, అమ్మానాన్నలకు విడిగా తీయండి.

తోరణం
చర్లపల్లి ఎవరూ రాయలేదు. 2025 జనవరి 6న తెరిచారు కదా, సికింద్రాబాద్ బళ్లు కొన్ని అక్కడికి మార్చారు.

ఉప్పల్ దాకా
స్టేషన్ లోపల లిఫ్టులు, ఎస్కలేటర్లు అన్నీ ఉన్నాయి, వెడల్పాటి వంతెన. బయటికి వచ్చాకే కష్టం. మెట్రో పక్కన లేదు. తెల్లవారుజామున దిగితే ఆటోవాడు చెప్పిందే రేటు. లోపల ఎంత బాగా కట్టినా రోడ్డు, బస్సు దానికి తగ్గట్టు లేకపోతే ఇంతే. మన వరంగల్ అదృష్టం ఏంటంటే స్టేషన్ ఎదుటే బస్టాండు. కట్టినవాళ్లు ఎవరో గానీ దండం పెట్టాలి.

శివనగర్ అమ్మాయి
దండం పెట్టండి గానీ, రెండింటి మధ్య రోడ్డు దాటడానికి జీబ్రా గీతలైనా పెట్టమనండి. బస్సులు, ఆటోలు, తోపుడు బళ్లు, మధ్యలో ఒక ముసలమ్మ సంచితో నిలబడి ఉంటుంది. నేను రోజూ చూస్తాను.

మూడు చక్రాలు
ఇంత మాట్లాడుకున్నాం కదా, కొలిచి రాద్దామా? వరంగల్‌లో మొదలుపెడదాం. ఆటో ఆగే చోటి నుంచి ప్రతి ప్లాట్‌ఫారం మీదికి మెట్లు లేని దారి ఉందా, ఎంత పొడవు, లిఫ్టు నడుస్తోందా, ప్లాట్‌ఫారానికి బోగీకి మధ్య ఎత్తెంత, బాత్రూం ఎంత దూరం. తర్వాత కాజీపేట. రాసింది డివిజన్ ఆఫీసుకు పంపుదాం, ఫిర్యాదులా కాకుండా కొలతల కాగితంలా.

లోకోషెడ్ తాత
నేనొస్తాను. నా దగ్గర స్టీల్ టేపు ఉంది, పాతది, కానీ సరిగ్గా చూపిస్తుంది. ముందుగా స్టేషన్ మేనేజర్‌కు చెప్పి పర్మిషన్ తీసుకుందాం. ప్లాట్‌ఫారం టికెట్ పది రూపాయలు, రెండు గంటలే చెల్లుతుంది, గుర్తుంచుకోండి. పట్టాల మీదికి ఎవరూ దిగొద్దు, ఎత్తు కొలతలు నేను పై నుంచే తీస్తాను.

తెల్లకర్ర
పలకలు నేను చూస్తా, కాలితో.

చంటిదాని అమ్మ
ఆడవాళ్ల బాత్రూం, వెయిటింగ్ హాల్ నాకు వదిలేయండి. పిల్లను ఎత్తుకునే వస్తా, అప్పుడే అసలు సంగతి తెలుస్తుంది.

తోరణం
ఫోటోలు నావి. ముఖద్వారం తప్ప అన్నీ తీస్తాను 😀

శివనగర్ అమ్మాయి
ఆదివారం పొద్దున ఏడింటికి, ఎండ ఎక్కకముందే. నేను మా వైపు నుంచి బయలుదేరి ఎంతసేపు పడుతుందో కూడా రాసుకొస్తాను. నడిచి ఒకసారి, ఆటోలో ఒకసారి.

బొగ్గుబావి
నేను భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తే కాజీపేటలో దిగుతాను. అక్కడి నుంచి వరంగల్‌కు బస్సు ఎక్కడ ఆగుతుందో ఎవరైనా చెప్పండి.

నిట్ హాస్టల్
స్టేషన్ బయటికి రండి అన్నా, చౌరస్తా దాకా నడిస్తే హన్మకొండ మీదుగా వరంగల్ పోయే సిటీ బస్సులు, షేర్ ఆటోలు దొరుకుతాయి. నేనూ అక్కడే ఎక్కుతా, కలిసే పోదాం.